కొలిచే చెయ్యి ఎవరిది?

స్త్రీల హక్కుల పత్రికలో లేజర్ లైట్ల గురించి, అద్దం ముక్కల గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ఈ మధ్య ఒక సమావేశంలో ఒక సీనియర్ కార్యకర్త నన్ను సూటిగానే అడిగారు: "వరకట్నం, గృహహింస, కూలి రేట్లు, ఇన్ని సమస్యలుండగా ఆడపిల్లలతో సైన్సు ప్రయోగాలు చేయించడం మనకెందుకండీ? అది స్కూలువాళ్ళు చూసుకునే పని కదా?" ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించగా నాకు తోచిన జవాబు ఇది.

గని కార్మికుల కుటుంబాల్లోని స్త్రీల జీవితాల మీద పని చేస్తూ కొన్నేళ్ళుగా శ్రీరాంపూర్ వెళ్ళివస్తున్నాను. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనూ, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోనూ వున్న ఈ ప్రాంతంలో సింగరేణి భూగర్భ గనులూ వున్నాయి, ఓపెన్‌కాస్టూ వుంది. ఇక్కడ గనిని బాయి అంటారు. ఇంట్లో వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ బాయి షిఫ్టుల ప్రకారం నడుస్తాయి. మగవాళ్ళు టోపీకి లైటు తగిలించుకుని దిగుతారు. ఆ బట్టలకంటిన బొగ్గు వుతికేది స్త్రీలు. బొగ్గుతో ఇంత దగ్గరి సంబంధం వున్నా, గనికి సంబంధించిన ఒక్క పరికరం కూడా ఈ స్త్రీల చేతికి రాలేదు.

ఒక ఆదివారం, నాకు పరిచయమున్న ఒక సైన్సు టీచరుతో కలిసి తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు పద్నాలుగు మందితో కూర్చున్నాను. పతన కోణం, పరావర్తన కోణం సమానమన్న సూత్రం అందరికీ కంఠతా వచ్చు. అద్దం మీద కిరణం పడి తిరిగి రావడాన్ని ఎవరైనా కళ్ళతో చూశారా అని అడిగాను. "పుస్తకంల బొమ్మ చూసినం మేడమ్" అన్నారు. వాళ్ళ బడిలో సామాను లేక కాదు. బీరువాలో వుంది, బీరువాకి తాళం వుంది. ఏదైనా పగిలితే జవాబు చెప్పుకోవలసింది టీచరు కాబట్టి తాళం తియ్యరు. తీసిన రోజున ఏమవుతుందో ఒకమ్మాయి చెప్పింది: "సార్ చేసి చూపిస్తడు మేడమ్. బల్ల చుట్టూ పోరగాళ్ళే నిలబడ్తరు. మాకు వెనకనుంచి కనబడదు."

ఆ మాట వినగానే నా ఇంటర్మీడియెట్ రోజులు గుర్తొచ్చాయి. ల్యాబులో నలుగురికి ఒక బల్ల. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరం అమ్మాయిలం. పుటాకార దర్పణాన్ని ముందుకూ వెనక్కూ జరిపేది వాళ్ళు. "నీ రాత బాగుంటుంది, రీడింగులు నువ్వు రాయి" అనేవాళ్ళు. నేను దాన్ని పొగడ్త అనుకునేదాన్ని. రెండేళ్ళూ అందరి రికార్డులూ నీటుగా రాసిపెట్టాను, పరికరం మాత్రం ముట్టుకోలేదు. తర్వాత సోషియాలజీలోకి వచ్చేశాను. అది నా ఇష్టమే అనుకున్నాను. అందులో ఎంత భాగం ఇష్టమో, ఎంత భాగం ఆ ల్యాబులో నాకు నేనే చెప్పుకున్న "ఇది నా వల్ల కాదు" అన్న మాటో ఇప్పటికీ తేల్చుకోలేను. ఇంట్లో వంట ఎవరిది, సంపాదన ఎవరిది అన్న విభజనని మనం గుర్తుపడతాం. ప్రయోగశాల బల్ల దగ్గర కూడా అదే శ్రమ విభజన వుందని గుర్తించడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

లేజర్ లైటుతో నా మొదటి పరిచయం కూడా ల్యాబులో కాదు, సినిమా హాల్లో. నేను డిగ్రీలో వుండగా కీచైనుకి తగిలించిన ఎర్ర లైట్లు బజార్లోకి వచ్చాయి. వెనక వరసల్లోంచి ఆ ఎర్ర చుక్క తెర మీది హీరోయిన్ శరీరం మీద తిరిగేది. ఇంటర్వెల్లో మా మీద తిరిగేది. మేం చున్నీలు సర్దుకుని తలలు దించుకునేవాళ్ళం. ఎవడు వేస్తున్నాడో వెనక్కి తిరిగి చూడ్డం కూడా మా తప్పే అయ్యేది. శ్రీరాంపూర్ పిల్లల్ని ఈ వస్తువు ముందే చూశారా అంటే వాళ్ళు చెప్పిందీ అదే: జాతరలో, బస్టాండులో మగపిల్లల చేతిలో చూశారు. వస్తువు ఒకటే. అబ్బాయి చేతిలో వుంటే ఆట, వేధింపు. అమ్మాయి చేతిలో వుంటే "ఆడపిల్లకెందుకమ్మా అది?" అన్న ప్రశ్న. కాబట్టి ఆ వస్తువుని ముందు వాళ్ళ చేతుల్లో పెట్టడమే మా మొదటి పని అనుకున్నాం.

ఆ రోజు మేం చేసినవి చాలా చిన్న ప్రయోగాలు. తక్కువ శక్తి ఎర్ర లేజరు ఒకటి, కోణమానిని, తెల్ల కాగితాలు, అగరుబత్తి. అద్దాలు మాత్రం కుట్టుపని నేర్చుకునే ఒకమ్మాయి తెచ్చింది. జాకెట్ల మీద అద్దాల పనికి వాడే గుండ్రటి ముక్కలు. అగరుబత్తి పొగలో కిరణం సన్నటి ఎర్ర దారంలా కనిపించింది. అద్దాన్ని పది డిగ్రీలు తిప్పితే కిరణం ఇరవై డిగ్రీలు తిరిగింది. పది తిప్పితే పదే తిరగాలి కదా అని వాళ్ళలో వాళ్ళే గొడవపడి, మళ్ళీ మళ్ళీ కొలిచారు. పతన కోణం పది పెరిగితే పరావర్తన కోణం కూడా పది పెరుగుతుంది, కాబట్టి మొత్తం ఇరవై అని తేల్చింది ఇంతకుముందు "మాకు కనబడదు" అన్న అమ్మాయే. ఒక్కో చుక్క పక్కన మసగ్గా ఇంకో చుక్క ఎందుకొస్తోందని అడిగారు. మామూలు అద్దానికి వెనక పూత వుంటుంది, ముందున్న గాజు కూడా కొంత కాంతిని తిప్పికొడుతుందని టీచరు చెప్పారు. పుస్తకంలోని బొమ్మలో ఆ రెండో చుక్క లేదు. చేత్తో చేసినవాళ్ళకే ఆ ప్రశ్న వచ్చింది.

తర్వాత ఒకమ్మాయి జడలోంచి ఒక వెంట్రుక తీసి లేజర్ మూతికి అడ్డంగా అంటించాం. మూడు మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క ఒక పొడవాటి చారల వరసగా విడిపోయింది. నల్ల చారల మధ్య ఎడం 2.6 సెంటీమీటర్లు వచ్చింది. లేజరు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. దాన్ని గోడ దూరంతో గుణించి, చారల ఎడంతో భాగిస్తే వెంట్రుక మందం తేలుతుంది: మిల్లీమీటరులో పదమూడో వంతు, అంటే 75 మైక్రాన్లు. జుట్టు పొడవు గురించి, నలుపు గురించి, విరబోసుకోవడం గురించి ఎన్ని మాటలు విన్న పిల్లలో వీళ్ళు! తమ వెంట్రుకని తామే కొలిచి నోటుబుక్కులో పేరు, అంకె రాసుకోవడం వాళ్ళకి అదే మొదటిసారి.

ఇంకో ప్రయోగంలో రెండు వైపులా మూత తీసిన డబ్బాకి ఒకవైపు బెలూను బిగించి, దాని మీద చిన్న అద్దం ముక్క అంటించి, కిరణాన్ని దాని మీద పడేలా పెట్టాం. డబ్బాలో మాట్లాడితే గోడ మీద చుక్క సున్నాలు, మెలికలు తిరుగుతుంది. ముందు ఎవరూ నోరు తెరవలేదు. ఒకరు మెల్లగా "అమ్మా" అన్నారు. చుక్క కొంచెం కదిలింది. ఇంకా గట్టిగా అను, ఇంకా గట్టిగా అను అని మిగతావాళ్ళు. చివరికి గదంతా కేకలు. "మెల్లగా మాట్లాడు" అని రోజూ చెప్పించుకునే పిల్లలు, గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో గోడ మీద చూశారు.

ఆ కేకలు విని ఒకమ్మాయి తల్లి వచ్చి కూర్చుంది. ఓపెన్‌కాస్టుకి దగ్గర్లో వాళ్ళ ఇల్లు. డబ్బా, అద్దం, చుక్క అన్నీ చూసి ఆమె అడిగిన ప్రశ్న మా ఇద్దరికీ తట్టనిది. "మేడమ్, మాట్లాడితెనే గిట్ల ఊగుతుంటే, బ్లాస్టింగ్ అప్పుడు మా గోడ ఊగేది గూడ కనబడుతదా?" ఆమె కథ అంతా అప్పుడు చెప్పింది. బ్లాస్టింగ్ అయినప్పుడల్లా గిన్నెలు గలగలమంటాయి, గోడ మీది పటం వంకరపోతుంది, మూల పగులు ఏటేటా పొడుగవుతోంది. "చెప్తే ఏమంటరో తెలుసా? నీకట్ల అనిపిస్తదమ్మా అంటరు. మా ఆయన గూడ గదే అంటడు."

"నీకట్ల అనిపిస్తదమ్మా" అన్న మాట మనకు కొత్త కాదు. నడుము నొప్పి అంటే డాక్టరు అంటాడు, బస్సులో చెయ్యి వేశాడంటే కండక్టరు అంటాడు, మాటలతో చంపుతున్నాడంటే పెద్దమనుషులు అంటారు. స్త్రీల అనుభవం ఎప్పుడూ "అనిపించడం" దగ్గరే ఆగిపోతుంది. మగవాడి చేతిలో పరికరం వుంటుంది కాబట్టి అతని మాట "కొలత" అవుతుంది. గనుల్లో సర్వే చేసేవారు, మందు పేల్చేవారు, ప్రకంపనలు నమోదు చేసేవారు అందరూ దాదాపుగా మగవాళ్ళే. ఇంట్లో వుండి రోజూ ఆ అదురు భరించేది స్త్రీ. భరించేవాళ్ళ చేతికి కొలత రాకపోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఆ ఇంట్లో ప్రయోగం చేశారు. టీచరు దగ్గరుండి చూశారు. గోడకి అద్దం ముక్క అంటించి, ఎదురుగా నేల మీద బరువైన రాయికి లేజరు కట్టి, తిరిగొచ్చిన చుక్క ఐదు మీటర్ల అవతల వసారా గోడ మీద పడేలా పెట్టారు. చుక్క చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. ఈ ఏర్పాటులో గోడ మీటరు ఎత్తుకి ఒక్క మిల్లీమీటరు ఒరిగినా చుక్క ఒక సెంటీమీటరు జరుగుతుంది. కంటికి కనిపించని కదలికని అద్దమూ దూరమూ కలిసి పెద్దవి చేస్తాయి. బ్లాస్టింగ్ అయినప్పుడు చుక్క గీత దాటి వెళ్ళి, వణికి, తిరిగి వచ్చింది. ఇంట్లో అందరూ చూశారు. ఆమె భర్త కూడా చూశాడు.

ఇక్కడ మనం జాగ్రత్తగా వుండాలి. ఈ చుక్క కోర్టులో సాక్ష్యం కాదు. లేజరు కట్టిన రాయి కూడా అదిరింది కాబట్టి గోడ ఎంత కదిలిందో, రాయి ఎంత కదిలిందో ఇది విడదీసి చెప్పదు. పగులుకి కారణం ఇదేనని కూడా చెప్పదు. అసలు కొలవవలసింది నేల కదలిక వేగం, దానికి సీస్మోగ్రాఫ్ కావాలి. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన 7వ నంబరు సాంకేతిక సర్క్యులరులో దీనికి పరిమితులున్నాయి. గని యాజమాన్యానికి చెందని మామూలు ఇళ్ళ దగ్గర, ప్రకంపన సెకనుకి 8 సార్ల కంటే తక్కువగా వుంటే సెకనుకి 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య వుంటే 10, 25 దాటితే 15 మిల్లీమీటర్ల వేగం మించకూడదు. సింగరేణి ప్రభుత్వ కంపెనీ కాబట్టి 2005 సమాచార హక్కు చట్టం కింద, ఫలానా తేదీన మా వాడ దగ్గర నమోదైన కొలత ఎంత అని అడగవచ్చు. ఆ చుక్క చేసిన పని ఇదే. "మా ఇల్లు అదురుతోంది" అన్న తల్లి "మీ రీడింగు ఎంత, ఎక్కడ పెట్టి తీశారు" అని అడగడం మొదలుపెట్టింది. కూతురు దరఖాస్తు రాసింది.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. బ్రిటిష్ ఇండియాలో 1930లలో స్త్రీలను భూగర్భ గనుల పనిలోంచి తీసేశారు. రక్షణ కోసమన్నారు. యుద్ధానికి బొగ్గు అవసరమైనప్పుడు 1943లో ఆ నిషేధాన్ని సడలించి, అవసరం తీరాక 1946లో మళ్ళీ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 గనుల చట్టం 46వ సెక్షను కూడా భూగర్భంలో స్త్రీల ఉద్యోగాన్ని నిషేధించింది. 2019 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ ఒక నోటిఫికేషను ద్వారా పగటి వేళల్లో భూగర్భంలో పనిచేసేందుకు స్త్రీలకు తలుపు కొంచెం తెరిచింది. ఏ పనులకి? సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకి. అంటే పరికరం పట్టగలిగిన వాళ్ళకి. తట్టలెత్తిన స్త్రీల మనవరాళ్ళకి ఆ తలుపు తెరుచుకోవాలంటే పదో తరగతిలో బీరువా తాళం తెరుచుకోవాలి. అక్కడ అద్దం ముట్టుకోనివ్వకుండా, తర్వాత "అర్హులైన మహిళా అభ్యర్థులు లేరు" అంటే అది ఎవరి లోపం?

ఇది పల్లెటూరి బడి సమస్య మాత్రమే కూడా కాదు. 1933లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరతానని వచ్చిన కమలా సొహొనీని స్త్రీ అన్న కారణంతో సి.వి. రామన్ మొదట కాదన్నారు. పట్టుబట్టాక షరతులతో చేర్చుకున్నారు. 1940లో అదే సంస్థలో రామన్ దగ్గర చేరిన అన్నా మణి, వజ్రాల, కెంపుల మీద కాంతి ప్రవర్తన గురించి పరిశోధించి 1945లో సిద్ధాంత వ్యాసం సమర్పించారు. ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. 1960లో థియోడోర్ మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజరు కెంపుతో చేసినదే! అన్నా మణి తర్వాత వాతావరణ శాఖలో పరికరాల తయారీకి, ప్రమాణీకరణకి జీవితమంతా ఇచ్చారు. కొలిచే పరికరాన్ని తయారు చేసిన స్త్రీ మన దేశంలోనే వుందని మన పిల్లలకి ఎంతమంది చెప్పాం? భౌతిక శాస్త్రంలో ఇప్పటివరకు నోబెల్ వచ్చిన స్త్రీలు ఐదుగురే. వారిలో ఇద్దరు, 2018లో డోనా స్ట్రిక్‌లాండ్, 2023లో ఆన్ లూయిలియే, లేజర్ కాంతి మీద చేసిన పనికే దాన్ని పొందారు.

ఇక భద్రత. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, భయపెట్టి ఆపడానికి సాకుగానూ వాడకూడదు. తరగతి గదికి 1 మిల్లీవాట్ మించని, రెండో తరగతి అని ముద్ర వున్న ఎర్ర లేజరు చాలు. బజార్లో దొరికే చవక కీచైన్ల మీది అంకెలు నమ్మదగినవి కావు. కొంచెం ఎక్కువ పెట్టి ల్యాబు సామాను అమ్మే దుకాణంలో కొనాలి. చవక ఆకుపచ్చ లేజర్లు అసలొద్దు. వాటిలో కొన్ని కంటికి కనిపించని పరారుణ కాంతిని ప్రమాదకరమైన మోతాదులో వెదజల్లుతాయని 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ చూపించింది. కిరణం ఎప్పుడూ కూర్చున్న పిల్లల కంటి ఎత్తుకి కిందే వుండాలి, కిరణం చివర గోడో అట్టముక్కో వుండాలి, ఎవరి ముఖం వైపూ రోడ్డు వైపూ తిప్పకూడదు. గాజులు, ఉంగరాలు, వాచీలు కూడా అద్దాల్లాగే కిరణాన్ని విసురుతాయి. గాజులు తియ్యమంటే ఇళ్ళల్లో గొడవ. వాటి మీద చేతిరుమాలు కట్టుకుంటే సరిపోతుంది. లేజరు దొరకకపోతే చీకటి గదిలోకి కిటికీ సందులోంచి వచ్చే ఎండ కిరణంతో కోణాల ప్రయోగం చేయవచ్చు. ఆ కిరణాన్నీ కంటిలోకి పోనివ్వకూడదు.

సైన్సు కూడా పితృస్వామ్యపు అధికారమే కదా, దానికి మనం ఎందుకు తలవంచాలి అని అడిగే మిత్రులూ వున్నారు. ఆ విమర్శ నాకు తెలుసు, నేనూ చేశాను. కానీ కొలతని కాదనే హక్కు కొలవడం తెలిసినవాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది. ఆ తల్లి శరీరానికి తెలిసినదాన్ని చుక్క రద్దు చెయ్యలేదు, దానికి బలం ఇచ్చింది. అలాగే స్త్రీలకు శిక్షణ అనగానే కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సు, ఊరగాయలు అనే అలవాటుని కూడా మనం ప్రశ్నించుకోవాలి. కుట్టుపని చిన్నదని నేననడం లేదు. మా ప్రయోగానికి అద్దాలిచ్చింది కుట్టుపనే. కానీ ఆ అద్దంతో ఇంకేం చేయవచ్చో చెప్పకుండా దాచడం అన్యాయం.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తిరగేసి చూడండి. తరగతి గది, వేరు వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, గ్రంథాలయం, బోధనోపకరణాలు వున్నాయి. ప్రయోగశాల అన్న మాట లేదు. పైగా ఆ చట్టం పద్నాలుగేళ్ళకే ఆగిపోతుంది. కాంతి పాఠం గట్టిగా మొదలయ్యేసరికి హక్కు అయిపోతుంది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. విధి రాశారు, సామాను ఇవ్వలేదు.

కాబట్టి మన సంఘాలు అడగవలసినవి నాలుగున్నాయి. ప్రతి ఉన్నత పాఠశాలలో, కస్తూర్బా విద్యాలయాల్లో ప్రయోగ సామాను బీరువా బయట, పిల్లల చేతికందేలా వుండాలి. పగిలిన వస్తువుకి టీచరు జీతంలోంచి కట్టించే భయం పోవాలి. ప్రతి బల్ల దగ్గరా రాసేవాళ్ళూ చేసేవాళ్ళూ వంతులు మారాలి. గని చుట్టుపక్కల ఊళ్ళల్లో ప్రకంపనలు, దుమ్ము కొలిచినప్పుడు ఆ వాడ స్త్రీలు ఇద్దరు పక్కనుండి చూసే, అంకె రాసుకునే హక్కు వుండాలి. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కర లేదు. మన ఆఫీసుల్లో నెలకో ఆదివారం, ఒక లేజరు, పది అద్దం ముక్కలతో మొదలుపెట్టవచ్చు.

1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు ఆడవాళ్ళకి రాత్రిబడులెందుకని నవ్వినవాళ్ళున్నారు. ఆ బడుల్లో కూర్చున్న స్త్రీలే తర్వాత దూబగుంటలో, మరెన్నో ఊళ్ళల్లో సారా దుకాణాలు మూయించారు. అక్షరం చేతికొచ్చాక వాళ్ళు ఏం చదవాలో మనం చెప్పలేదు, వాళ్ళే తేల్చుకున్నారు. కొలత చేతికొచ్చాక ఏం కొలవాలో కూడా వీళ్ళే తేల్చుకుంటారు. శ్రీరాంపూర్ తల్లి అప్పుడే తేల్చుకుంది. ఆ దరఖాస్తుకి జవాబు ఇంకా రాలేదు. గోడ మీద పెన్సిలు గీత మాత్రం అలాగే వుంది. దాన్ని చెరపొద్దని ఆమె ఇంట్లో అందరికీ చెప్పింది.